ముందు గుమ్మం కొన్నామె

మొన్న ఖమ్మంలో ఫ్లాటు చూడటానికి వెళ్ళాం, నేనూ మా ఆవిడా. మూడో అంతస్తు, ఇంకా రంగుల వాసన పోలేదు. చూపించడానికి వచ్చిన సేల్స్ ఆయన "మెయిన్ డోరు అసలు టేకు సార్" అన్నాడో లేదో, నా చెయ్యి దానంతటదే లేచి గుమ్మం మీద వేళ్ళ కణుపులతో రెండు దెబ్బలు కొట్టింది. కొట్టి ఊరుకున్నానా, చెవి కూడా ఆనించాను. చెవి తీశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. సేల్స్ ఆయన నా వంక అదోలా చూశాడు. మా ఆవిడ మాత్రం నవ్వు ఆపుకుని, "అచ్చం అక్క చేసినట్టే చేశారు" అంది.

అవును, అది అక్క అలవాటు. ఏ ఇంటికి పోయినా ముందు గుమ్మాన్ని కొట్టి వినేది. ఏం వినబడుతుందని అడిగితే, "పలుకుతదా లేదా చూడాలె తమ్ముడూ, కొన్ని పలకవు" అనేది. ఏమని పలకాలో మాత్రం చెప్పేది కాదు. ఆమె గురించి నాకు అర్థం కానివి చాలా ఉన్నాయి. ఆమె పోయి ఏడాది దాటింది, ఒక్కటీ తేలలేదు. పైగా ఇప్పుడు నేను కూడా గుమ్మాలు కొడుతున్నాను.

నాది సారపాకలో జిరాక్సు, ఇంటర్నెట్ షాపు. పేపరు మిల్లుకు పోయే రోడ్డు మీదే. జామాయిల్ లారీలు, వెదురు లారీలు పొద్దస్తమానం పోతుంటాయి. సాయంత్రానికి కంప్యూటర్ మీద వేలు పెట్టి గీస్తే దుమ్ములో గీత పడుతుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు, పాసుబుక్కులో తండ్రి పేరు తప్పు, ఇట్లా లోకంలో ఉన్న చికాకంతా నా కౌంటర్ దగ్గరికే వస్తుంది. నాకు ఓపిక తక్కువ. ఈ మాట మా ఆవిడే కాదు, కస్టమర్లూ మొహం మీదే అంటారు.

అక్క మా షాపు వెనక సందులో కిరాయికి ఉండేది. నాకు చుట్టం కాదు. మిల్లు గేటు దగ్గర కాంట్రాక్టరు నడిపే క్యాంటీన్లో వంట చేసేది. పుట్టిల్లు వేంసూరు పక్క. పిల్లలు లేరు. భర్త ఆటో నడిపేవాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం లారీ హారనుకు సమాధానం చెప్పేంత. నా షాపుకు వచ్చినా సరే, గుడికి వచ్చినట్టు చెప్పులు బయట విడిచి, గడప తొక్కకుండా దాటి వచ్చేది. ఇది షాపక్కా, చెప్పులతో రావచ్చని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. గడపకు ఇల్లూ షాపూ తెలుస్తదా అని ఆమె ఎదురు ప్రశ్న.

ఆమె భర్త ఖమ్మం పెద్ద దవాఖానాలో పోయాడు. శవాన్ని తెచ్చేసరికి ఇంటి ఓనరు గేటు దగ్గర అడ్డంగా నిలబడి ఉన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. కిరాయి ఇంట్లోకి శవాన్ని రానిస్తే ఇంటికి కీడనీ, ఆ పోర్షన్లో మళ్ళీ ఎవరూ దిగరనీ మా దగ్గర అందరికీ భయమే. ఏమనుకోకమ్మా, రోడ్డు మీదే కానిద్దాం అన్నాడట. రోడ్డు వారగా టార్పాలిన్ కట్టి, దాని కింద బల్ల మీద పడుకోబెట్టారు. వేంసూరు నుంచి చుట్టాలు వచ్చేదాకా ఆమె అక్కడే కూర్చుంది. చాలా రోజుల తర్వాత, జిరాక్సు కోసం వచ్చినప్పుడు, మధ్యలో ఎందుకు గుర్తొచ్చిందో ఏమో, నాతో చెప్పింది.

"లారీ పోయినప్పుడల్లా ఆయన మీద జామాయిల్ బెరడు రాలింది తమ్ముడూ. తుడుస్తనే ఉన్న. ఇంకో లారీ వచ్చేది. మళ్ళా తుడుసుడు. ఏడవనీకి సందే దొరకలే."

అప్పటి నుంచి ఆమెకు ఒకటే పట్టు. తను పోయినప్పుడు మాత్రం రోడ్డు మీద ఉండకూడదు. సొంత గడప దాటించి లోపల పడుకోబెట్టాలి. అందుకు ఇల్లు కావాలి. ఎంత చిన్నదైనా సరే, కిరాయిది కాకూడదు. వినడానికి ఎంతో చిన్న కోరిక. ఆ కోరిక పట్టుకుని ఆమె నా కౌంటర్ దగ్గరికి వచ్చిన రోజు నుంచే నాకు తల తిరగడం మొదలైంది.

ఇల్లు కొంటాను, లోన్ పెట్టు అంది, గ్యాస్ బుక్ చెయ్యి అన్నంత తేలిగ్గా. ముందు ఆమె లోన్ స్కోరు తీసి చూశాను. పాతాళంలో ఉంది. భర్త ఆటోకు ఫైనాన్సు తీసుకున్నది ఆమె పేరు మీద. అతను మంచాన పడ్డాక కిస్తీలు ఆగిపోయాయి, పోయాక ఫైనాన్సు వాళ్ళు వచ్చి ఆటో తోలుకుపోయారు. ఈ స్కోరుకు ఏ బ్యాంకూ గడప ఎక్కనివ్వదని చెప్పాను. ఆమె తెర మీదికి వంగి ఆ అంకె వంక చాలాసేపు చూసింది.

"ఎవరేసిండ్రు ఆ మార్కులు?"

"ఎవరూ వెయ్యరక్కా. కంప్యూటరే వేస్తుంది."

"ఆటో తీస్కపోయిండ్రు గదా. తీస్కపోయినంక మళ్ళా మార్కులెందుకు కొట్టేసిండ్రు? ఏదో ఒకటి గదా పోవాలె. వస్తువూ పాయె, మార్కులూ పాయె. గిదేం లెక్క?"

నేను వడ్డీ, బాకీ, సెటిల్‌మెంటు అంటూ గొంతు సవరించుకున్నాను. చెబుతున్న కొద్దీ నా మాట మీద నాకే నమ్మకం పోయింది. ఆ మర్నాడు మళ్ళీ వచ్చింది. మార్కులు పెరిగినయా అని అడిగింది. రాత్రికి రాత్రే పెరగవక్కా, అప్పు తీసుకుని సరిగ్గా కడితేనే పెరుగుతాయి అన్నాను. మరి అప్పు ఇవ్వనిదే ఎట్ల కట్టుడు అంది. అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఎవరి మీదో తెలీదు. ఆ కోపం వెనకాల నిలబడి ఉన్న ఇంకో కస్టమరు మీద తీర్చుకున్నాను.

దీని మీద మా ఊరి మెలిక ఇంకొకటి. సారపాక, భద్రాచలం, ఈ చుట్టుపక్కలంతా ఏజెన్సీ. గిరిజనులు కానివాళ్ళ పేరు మీద ఇక్కడ భూమి రిజిస్ట్రేషన్ జరగదు. మా నాన్న మిల్లు ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చి, తెల్లకాగితం మీద ఇల్లు కొన్నాడు. నేను అందులోనే పుట్టాను. ఇప్పటికీ మాకు పట్టా అంటే కరెంటు బిల్లే. తెల్లకాగితం ఇంటికి బ్యాంకు లోన్ ఇవ్వదు, కాబట్టి అమ్మేవాళ్ళు మొత్తం ఒకేసారి చేతిలో పెట్టమంటారు. పోనీ తల్లాడ వైపు మైదానంలో చూద్దామంటే అక్కడ రిజిస్ట్రేషన్ ఉంది, లోన్ ఉంది, ఆమెకు స్కోరు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదే. ఆమె మాత్రం సెలవు దొరికిన ప్రతి రోజూ చెప్పులు చేతబట్టుకుని ఇళ్ళు చూడటానికి బయల్దేరేది.

ఆ చూడటం ఒక తమాషా. అమ్మకానికి ఉందంటే చాలు, రేపే అడ్వాన్సు ఇచ్చేదానిలా లోపలికి పోయేది. గుమ్మం కొట్టి వినేది. వంటింటి నీళ్ళు ఎటు పోతాయో చూసేది. చివర్లో ఒక ప్రశ్న వేసేది, "ఈ ఇంట్ల ఎవరన్నా పోయిండ్రా?" అని. ఈ ప్రశ్న కొనేవాళ్ళందరూ వేస్తారు. లేదమ్మా, అసలు లేదు అని అమ్మేవాళ్ళు ఒట్టు పెడతారు. లేదనగానే ఈమె మొహం చిన్నబోయేది. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. ఒక ముసలాయన అబద్ధం ఆడలేక, మా అమ్మ ఈ గదిలోనే పోయిందని నీళ్ళు నమిలాడు. ఈమె వెలిగిపోతూ, ఎక్కడ పడుకోబెట్టిండ్రు, ఎటు నుంచి తీస్కపోయిండ్రు అని వివరాలన్నీ అడిగి, ఇల్లంటే గిట్లుండాలె తమ్ముడూ అంది. ఆ ముసలాయన తర్వాత నన్ను పక్కకు పిలిచి, ఆమెకు అంతా బాగానే ఉంది కదా అని అడిగాడు.

తల్లాడ దగ్గర వెంచర్లో చిన్న ఇళ్ళు కట్టి కిస్తీల మీద ఇస్తున్నారని ఎవరో చెప్పారు. స్కోరు చూడరట, కిస్తీలు కంపెనీ వాళ్ళే కట్టించుకుంటారట. నన్నూ లాక్కుపోయింది. అక్కడ ఇస్త్రీ చొక్కా ఏజెంటు ఒకాయన గొడుగు పట్టుకుని మరీ తిప్పాడు. ఈమె అన్ని గుమ్మాలూ కొట్టింది, ఒక్కటీ పలకలేదని నా చెవిలో చెప్పింది. అయినా తీసుకుంటానంది. డౌన్ పేమెంట్ ఎంత కడతారమ్మా అన్నాడు ఏజెంటు. అదేందని నన్నడిగింది. ముందు నీ దగ్గర కొంత ఉందని చూపిస్తే మిగతాది వాళ్ళు సర్దుతారని చెప్పాను. ఆమె నడిరోడ్డు మీద నవ్వడం మొదలుపెట్టింది. ఆకలైందని పోతే సగం కడుపు నిండినంక రా, మిగతా సగం మేం పెడతం అన్నట్టున్నదని, బస్సులో కూడా తలుచుకుని తలుచుకుని నవ్వింది. కొత్తగూడెం దాటాక నవ్వు ఆగిపోయింది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంక ఇళ్ళు చూడటం మానేస్తుందని అనుకున్నాను.

మానేసింది కూడా. మానేసి, గుమ్మం కొనుక్కొచ్చింది.

వేంసూరు దగ్గర ఎవరిదో పాత పెంకుటిల్లు విప్పేస్తుంటే, ఆ ఇంటి ద్వారబంధం బేరం చేసి, లారీ క్లీనర్లను బతిమాలి మా షాపు ముందు దింపించింది. అదేం చిన్నదా చితకదా, పాతకాలపు టేకు, పైన పద్మాలు చెక్కి ఉన్నాయి, గడప నా మోకాలి కిందిదాకా వచ్చేంత మందం. నలుగురం పట్టుకుంటే గానీ లేవలేదు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు చూడు, అది నిన్ను చూసే అని ఉంటారక్కా అన్నాను. ఆమె అసలు పట్టించుకోలేదు.

"గుమ్మం నిలబెట్టినంకనే గదా ఇల్లు లేసేది. లోను లేకున్నా గుమ్మం ఇస్తరు. గిదైతే చేతిల ఉన్నది."

మాట నిజమే. మా దగ్గర ఇల్లు కట్టేటప్పుడు ముహూర్తం పెట్టి ముందు గుమ్మం నిలబెడతారు, పసుపు రాసి, నవధాన్యాలు మూటగట్టి పైన కడతారు, గోడలు తర్వాత. కానీ అది స్థలం ఉన్నవాళ్ళ సంగతి. ఈ మాట చెబుదామనుకుంటుండగానే మా అమ్మ లోపలి నుంచి వచ్చి, గుమ్మాన్ని వెల్లకిలా పడుకోబెట్టకూడదు, అరిష్టం, నిలబెట్టండిరా అని కేకలేసింది. ఇంకేం చేస్తాను, షాపు వెనక గోడకు తాళ్ళతో కట్టి నిలబెట్టాను. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఆమె పొద్దున్నే వచ్చి, ఆ గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, క్యాంటీన్‌కు పోయేది. ఇల్లు లేని గడపకు పూజ. సందులో అందరూ ఆమెను తలుపక్క అనడం మొదలుపెట్టారు. నిజానికి దానికి తలుపు కూడా లేదు.

ఈ వ్యవహారంలోకి రెండో మనిషి అప్పుడే వచ్చింది. అడవి లోపలి ఊరి కోయామె. అడ్డాకులతో విస్తళ్ళు కుట్టి క్యాంటీన్‌కు వేసేది. అక్క ఆమెను చెల్లె అనేది. మాట్లాడేది తక్కువ, బేరంలో పైసా వదిలేది కాదు. ఒక రోజు అక్కతో కలిసి ఆధార్ పని మీద షాపుకు వచ్చి, వెనకాల పసుపు రాసిన గుమ్మాన్ని చూసింది. ఇల్లేదని అడిగింది. కొనాలె అంది అక్క. ఆమె ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఇల్లు కొనుడేంది? కట్టుకుంటరు గదా."

నేను పెద్దమనిషిలా కల్పించుకుని స్థలం, రిజిస్ట్రేషన్, స్కోరు, డౌన్ పేమెంట్ అన్నీ వివరించాను. ఆమె ఓపిగ్గా వింది. విన్నాక, మీరు మస్తు కష్టపడతరు అంది, నా మీద జాలిపడుతున్నట్టు. తర్వాత ఇద్దరూ బయట మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. అక్క లేచి వచ్చి, చెల్లె వాళ్ళ పెరడులో తనకు జాగా ఇస్తానంటోందని చెప్పింది. బదులుగా వారం సంతలో ఇద్దరూ కలిసి టిఫిన్ పెట్టాలి, వంట ఈమెది, వచ్చింది చెరిసగం. అక్కా, అది గిరిజన భూమి, నీ పేరు మీద గజం కూడా రాదు, చట్టం ఒప్పుకోదు, అని అరిచాను. చెల్లె నా వైపు తిరిగి, అమ్ముతనని ఎవరన్నరు అంది. అమ్మనప్పుడు, కిరాయీ కానప్పుడు, దాన్ని ఏమంటారో నాకు తెలీలేదు. నా కంప్యూటర్లో అటువంటి దానికి గడి లేదు.

చదువుకున్నోడివి, పక్కన ఉండు అని చెల్లె వాళ్ళ ఊరికి అక్క నన్నూ తీసుకుపోయింది. ఊరి పెద్దమనిషి, ఇంకా పది మంది దాకా, ఒక చావడిలో కూర్చున్నారు. చాలావరకు వాళ్ళ భాషలోనే నడిచింది. అందరూ సంతోషంగా ఏం లేరు. ఒకాయన గట్టిగానే అన్నాడు, ఆ మాట తెలుగులోనే అన్నాడు, నేను వినాలని కాబోలు. గట్లనే ఒక్కరొక్కరే వచ్చిండ్రు, సారపాకల ఇప్పుడు మావోళ్ళ ఇల్లు ఎక్కడున్నదో చూపియ్యి అని. మా నాన్న తెల్లకాగితం గుర్తొచ్చి నేను తల ఎత్తలేదు. పెద్దమనిషి చివరికి ఒక్కటే అడిగాడు. ఈమె మనకు ఏమైతది? "అక్క అయితది" అంది చెల్లె. ఆయన తీర్పు చెప్పాడు.

"ఉన్నన్ని దినాలు ఉండనీ. నేల మాది. ఆమె పోయిన దినం ఇల్లు గూడ ఆమెతోనే పోవాలె."

దారిలో నేను ఊరుకోలేదు. ఇది కొన్నట్టు ఎట్లా అవుతుంది, నీకు దక్కేదేముంది, పోయాక విప్పేస్తారట కదా అని సతాయించాను. పోయినంక నాకెందుకు తమ్ముడూ, పోయేటప్పుడు ఉంటే చాలదా అంది. 

ఎండాకాలంలో ఇల్లు లేచింది. ముందు గుమ్మమే నిలబెట్టారు. ఊళ్ళో మగవాళ్ళు వెదురు తడికలు కట్టారు, ఆడవాళ్ళు మట్టి మెత్తారు, అక్క అందరికీ వండిపెట్టింది. గట్టిగా మాట్లాడిన ఆ ఒకాయన కూడా వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గుంజలు పాతి పోయాడు. అంత గుమ్మానికి సరిపోయే గోడలు వెదురుతో లేవవు కదా. గుమ్మం పైభాగం కప్పును దాటి నిలబడింది. గుండీకి చొక్కా కుట్టినట్టు గుమ్మానికి ఇల్లు కట్టారని అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ అక్కే నవ్వింది. గృహప్రవేశానికి మా అమ్మ, మా ఆవిడ కూడా వచ్చారు. అక్క చెయ్యెత్తి గుమ్మం మీద కొట్టి, చెవి ఆనించి, నా వైపు చూసింది. పలికిందా అన్నాను. అవ్ అంది. నేనూ చెవి పెట్టాను. నాకేం వినబడలేదు.

రెండు వానాకాలాలు ఉంది ఆ ఇంట్లో. క్యాంటీన్‌కు ఆటోలో వచ్చిపోయేది. సంతలో వాళ్ళ టిఫిన్ బండి బాగా ఆడింది. ఇద్దరూ ఉప్పు దగ్గర పోట్లాడుకునేవాళ్ళని కూడా విన్నాను. నా షాపు ముందు ఆగి, మార్కులు పెరిగినయా తమ్ముడూ అని అడిగి నవ్వుకుంటూ పోయేది. ఒకసారి సరదాకి తీసి చూశాను. అట్లాగే ఉంది.

రెండో ఏడు వానల్లో జ్వరం వచ్చింది. ఆ రోజుల్లో అడవి ఊళ్ళన్నిటా జ్వరాలే. చెల్లె ఆటోలో వేసుకుని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయింది. నేను గోదావరి వంతెన దాటి చూడటానికి పోయేసరికి మగతలో ఉంది. కళ్ళు తెరిచి, నన్ను గుర్తుపట్టి, చెల్లె చెయ్యి పట్టుకుని ఇంటికి పోదాం అంది. డాక్టరు కదిలించొద్దన్నాడు. మర్నాడు పొద్దున అక్కడే పోయింది.

అంబులెన్సు డ్రైవరు ఎక్కడికి అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే చెల్లె, ఇంటికి అంది. ఆ మాట వినగానే నాకు ఏడుపు వచ్చింది. దారంతా అదే అనుకుంటూ పోయాను. ఎట్లా అయితేనేం, ఆమె కోరిక తీరుతోంది. టార్పాలిన్ లేదు, బెరడు లేదు, సొంత గడప.

ఊరి పొలిమేర దగ్గర మనుషులు నిలబడి ఉన్నారు. అంబులెన్సు ఆపారు. పెద్దమనిషి ముందుకొచ్చి, బయట పోయిన మనిషిని ఊళ్ళోకి తేకూడదని చెప్పాడు. ఊరి కట్టుబాటట. సొంత బిడ్డ అయినా అంతేనట. మా అమ్మ పుట్టిన ఊళ్ళోనూ ఇదే పద్ధతి అని నాకు అప్పుడు గుర్తొచ్చింది. అన్నీ ఆలోచించిన అక్క ఈ ఒక్కటీ ఆలోచించలేదు. ఇంట్లోనే పోతే తప్ప లోపలికి రానివ్వరని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. దిగి, నోటికొచ్చినట్టు అరిచాను. ఇంతా చేసింది దేనికయ్యా, రోడ్డు మీద ఉండకూడదనే కదా, మళ్ళీ రోడ్డు మీదే పెడతారా అన్నాను. చెల్లె నన్ను దాటుకుని, వాళ్ళ మగవాళ్ళతో ఏదో చెప్పి, ఊళ్ళోకి పోయింది.

కాసేపటికి లోపలి నుంచి గడ్డపారల చప్పుడు వినబడింది. వెదురు విరుగుతున్న చప్పుడు. ఆమెతోనే ఇల్లు పోవాలన్నారు కదా, ఆమె ఇంకా అంబులెన్సులో ఉండగానే విప్పుతున్నారు. నా ఒళ్ళు మండిపోయింది. మీరు మనుషులేనా అన్నాను పెద్దమనిషిని. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఆగు అన్నాడు.

అప్పుడు వచ్చారు. ఆరేడుగురు మగవాళ్ళు, భుజాల మీద గుమ్మం. గడపకు అంటుకున్న మట్టి ఇంకా రాలుతోంది, పైన కట్టిన నవధాన్యాల మూట అట్లాగే ఉంది. ముందు నడుస్తున్నది ఆ రోజు చావడిలో గట్టిగా మాట్లాడిన ఆయన. పొలిమేర మీద గుంట తవ్వి దాన్ని నిలబెట్టారు. చెల్లె చెంబుతో నీళ్ళు తెచ్చి గడప కడిగింది, పసుపు రాసింది, బొట్లు పెట్టింది. రాసి, లేచి, వేళ్ళ కణుపులతో గుమ్మం మీద రెండు దెబ్బలు కొట్టింది. చెవి ఆనించి వింది. విని తల ఊపింది.

"ఆమెను తేలేం గదా. ఇల్లునే ఎదురు తెచ్చినం" అన్నాడు పెద్దమనిషి.

అక్కను ఆ గుమ్మంలోంచి లోపలికి తీసుకుపోయారు. లోపల అంటే గోడల్లేవు, కప్పు లేదు, వానకు తడిసిన గడ్డి. అయినా ప్రతి ఒక్కరూ చెప్పులు విడిచి, గడప తొక్కకుండా దాటి వెళ్ళి చూసి వచ్చారు. పక్కనుంచి ఎవరూ పోలేదు. అంబులెన్సు డ్రైవరు కూడా. నేను కూడా చెప్పులు విడిచాను.

అది ఇల్లేనా? ఆమె కొన్నట్టా? ఎవరి దగ్గర కొన్నట్టు? నేను రోజూ జిరాక్సు తీసే ఏ కాగితంలోనూ అది రాసి లేదు. గుమ్మం అక్కడే ఉంది. మొన్న ఆ దారిన పోతే, పశువులు కూడా, ఎవరో ఉన్న ఇల్లయినట్టు, లోపలికి దూరకుండా దాని పక్కనుంచే పోతున్నాయి.

నా స్కోరు బాగుంది. డౌన్ పేమెంట్ ఉంది. ఖమ్మం ఫ్లాటుకు రిజిస్ట్రేషన్ ఉంది, లిఫ్టు ఉంది, కార్ పార్కింగ్ ఉంది. మా ఆవిడకు వంటిల్లు నచ్చింది. బాల్కనీ దాకా చూపించి, ఇంకేమైనా డౌట్లు ఉన్నాయా సార్ అన్నాడు సేల్స్ ఆయన. ఒక్కటి ఉందన్నాను.

"ఇక్కడ ఉండేవాళ్ళు ఎవరైనా దవాఖానాలో పోతే, పైకి తీసుకురానిస్తారా?"

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. సేల్స్ ఆయన లిఫ్టు వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు, చేతిలో రంగుల బొమ్మల పుస్తకం అటూ ఇటూ తిప్పాడు.

"అది అసోసియేషన్ వాళ్ళను అడగాలి సార్" అన్నాడు.

అడిగి చెప్పమన్నాను. ఇంకా ఫోన్ రాలేదు.